కొలేటరల్ బోలే తో క్యా?

పోయిన నెలలో ఒక సోమవారం, అర్జీల రోజు, మా ఖాలాను వెంటబెట్టుకుని ఒక సర్కారీ దఫ్తర్‌కు వెళ్లాను. ఏ దఫ్తరో రాయను. అక్కడి అధికారి మీద నాకు దుష్మనీ ఏమీ లేదు. నిజం చెప్పాలంటే మంచివాడే. డెబ్బయ్యేళ్ల ముసలామె నిలబడి ఉంటే కుర్చీ వేయించాడు, అర్జీ మొత్తం చదివాడు, సంతకం పెట్టి లోపలికి పంపాడు.

ఖాలా ఇల్లు మొగల్తూరు వైపు ఒక పల్లెలో. ఇరవై సెంట్ల దొడ్డి, ఒక నుయ్యి, పదకొండు కొబ్బరి చెట్లు. చేతి లేసు అల్లి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఇప్పుడా ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులే. నూతి నీళ్లు ఉప్పెక్కి ఆరేళ్లయింది. చెట్లలో నాలుగే మిగిలాయి, వాటికీ మొవ్వులు ఎండుతున్నాయి. మేకలు సైతం ఆ తొట్టి దగ్గరికి రావు. నమాజుకు వజూ చేస్తే చేతులు జిగటగా ఉంటున్నాయని ఖాలా ఫిర్యాదు. అర్జీలో ఈ మాట రాయొద్దన్నాను గానీ ఆమె వినలేదు.

అధికారి అంతా విని నా వైపు తిరిగి, "సార్, మీరు జర్నలిస్టు, మీకు తెలీనిది కాదు. ఎవరూ కావాలని చేసింది కాదిది. ఇంత పెద్ద ఇండస్ట్రీ అన్నాక కొంత కొలేటరల్ డామేజ్ ఉంటుంది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఖాలా అడిగింది. "వో కొలేటరల్ బోలే తో క్యా బేటా?"

నాకు జవాబు రాలేదు. ఉర్దూ బడిలో చదివి, ఆ తర్వాత మా నరసాపురంలోనే తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నవాడిని. రెండు లుగత్‌లు చేతిలో పెట్టుకుని ఒక్క లఫ్జ్‌కు అర్థం చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ రాత ఆ రాత్రిదే.

అసలు ఈ మాటతో నాకు పాత లెక్క ఒకటుంది. 2003 మార్చిలో నేను ఒక పత్రిక డెస్కులో కొత్త సబ్‌ఎడిటర్ని. బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నాయి. ఏజెన్సీల నుంచి ఇంగ్లిష్ ఖబర్లు కుప్పలుగా వచ్చేవి, ప్రతి రెండో ఖబర్‌లో ఇదే మాట. నేను దాన్ని "అనుబంధ నష్టం" అని తర్జుమా చేశాను. సీనియర్లు భేష్ అన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది. ఆ వారం చివర్లో ఆదివారం పుస్తకం చేతికొస్తే దాని మీద పెద్ద అక్షరాలతో "ఆదివారం అనుబంధం" అని ఉంది. వంటలు, కథలు, వారఫలాలు. బాగ్దాద్ బజారులో చచ్చిపోయిన పిల్లల్ని నేను ఆదివారం అనుబంధంలో పడేశానన్నమాట.

మరి ఉర్దూ అఖ్బార్‌లు ఏం రాస్తున్నాయని చూస్తే "జిమ్నీ నుక్సాన్". జిమ్నీ ఇంతిఖాబ్ అంటే ఉప ఎన్నిక. అక్కడా అంతే. అసలు ఎన్నిక వేరే ఉంది, ఇది ఉప. అసలు చావులు వేరే ఉన్నాయి, ఇవి ఉప చావులు. మన జబాన్‌లు గొప్పవని మురిసిపోయే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సామ్రాజ్యం నుంచి మాట వస్తే తెలుగు, ఉర్దూ రెండూ తలుపు తీసి సలాం కొట్టాయి.

పోనీ పల్లె మాటలు? తెలుగులో ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయంటారు. ఉర్దూలో గేహూఁ కే సాథ్ ఘున్ భీ పిస్తా హై అంటారు, గోధుమలతో పాటు పురుగూ నలుగుతుందని. నాకు తెలుగు సామెతే నచ్చుతుంది. అందులో ఆంబోతు కనిపిస్తుంది, దూడ కనిపిస్తుంది, ఎవరి వల్ల ఎవరి కాలు విరిగిందో చిన్న పిల్లాడికైనా అర్థమవుతుంది. ఉర్దూ సామెతలో తిరగలి తిప్పే చేయి కనపడదు, పైగా మజ్లూమ్‌ను పురుగును చేసేశారు. మా వాళ్లకు కోపం వస్తే రానీ.

కొలేటరల్ అంటే లాటిన్‌లో "పక్కన ఉన్నది". మా డెల్టాలో ఈ మాట తెలియని రైతు లేడు, కాకపోతే వేరే దారిలో వచ్చింది. బ్యాంకుకు వెళ్లి చెరువు తవ్వకానికి అప్పు అడిగితే మేనేజర్ "కొలేటరల్ ఏముంది?" అంటాడు. ఇంటి దస్తావేజు, పొలం కాగితం, భార్య బంగారం, ఏదో ఒకటి పక్కన పెట్టాలి. పంట పోతే బ్యాంకు దాన్ని తీసుకుంటుంది. అప్పు తీసుకున్నవాడు సంతకం పెట్టాడు కాబట్టి ఇన్సాఫే అనుకుందాం. మా ఖాలా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆమె నుయ్యి, ఆమె చెట్లు, ఆమె మేకలు ఎవరి అప్పులకో తనఖా ఎలా అయ్యాయి? చెరువు లాభాల్లో ఆమెకు వాటా లేదు. నష్టం మాత్రం ఆమె ఇంటికి జప్తు నోటీసులా వచ్చింది. అధికారి తెలియక వాడినా లఫ్జ్ ఖచ్చితంగా సరిపోయిందే అనిపించి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎవరూ కావాలని చేసింది కాదు" అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ పదానికి ప్రాణం అక్కడుంది. 1960ల అమెరికా అణు వ్యూహకర్తల రాతల్లో మొదలై, వియత్నాం మీదుగా, 1991 గల్ఫ్ యుద్ధంలో టీవీలెక్కి ప్రపంచమంతా తిరిగిన మాట ఇది. ఆ ఏడాది ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమిరియా షెల్టర్ మీద రెండు బాంబులు పడి నాలుగు వందల మందికి పైగా పౌరులు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, చనిపోయారు. గురి తప్పి పడిన బాంబులు కావవి. సైనిక కేంద్రం అనుకునే కొట్టామన్నారు. 1999లో కొసావో యుద్ధం నడిచినప్పుడు జర్మనీలో భాషావేత్తల బృందం ఈ మాటను ఆ ఏటి అపశబ్దంగా ప్రకటించింది. అయినా ఏం, 2003కల్లా దీనికి లెక్కల పద్ధతి కూడా తయారైంది. ఇరాక్ మీద ఒక దాడిలో 30 మందో అంతకు మించో పౌరులు చనిపోతారని అంచనా తేలితే రక్షణ మంత్రి అనుమతి కావాలి. అంతకు తక్కువైతే కింద కమాండర్లే చూసుకుంటారు.

ఈ లెక్కను నిదానంగా చదవండి. 29 మంది చస్తారని ముందే తెలుసు. కాగితం మీద అంకె ఉంది. అది ఎవరి సంతకంతో జరగాలో కూడా రూల్ ఉంది. జరిగాక మాత్రం "అనుకోకుండా" అంటారు. దీన్ని అనుకోకుండా అనడం జబర్దస్తీ. తెలియక చేయడం ఒకటి, తెలిసి ఖాతరు చేయకపోవడం ఇంకొకటి. ఈ ఒక్క పదం ఆ రెంటి మధ్య గోడను కూల్చేసి, రెండో వాడిని మొదటి వాడి ఇంట్లో దాస్తుంది.

ఇప్పుడు నా బడి చదువు పనికొచ్చింది. మౌల్వీసాబ్ మాకు ఫిఖ్హ్ పాఠాల్లో హత్యల రకాలు చెప్పేవారు. హనఫీ ఫిఖ్హ్‌లో ఐదు. కత్లె అమ్ద్ అంటే కావాలని చంపడం. కత్లె ఖతా అంటే పొరపాటున చంపడం, వేటగాడు జింక అనుకుని మనిషిని కొట్టినట్టు. ఇక్కడ ఖురాన్ నాలుగో సూరా, 92వ ఆయత్ ఒక సంగతి తేల్చేస్తుంది. నియ్యత్ లేదు కదా అని చంపినవాడు ఇంటికి వెళ్లిపోవడానికి వీల్లేదు. చనిపోయినవాడి వాళ్లకు దియత్, అంటే రక్తానికి బదులు సొమ్ము, చెల్లించాలి, వాళ్లే దయతో వదిలేస్తే తప్ప. దాని మీద కఫ్ఫారా. ఒక బానిసను ఆజాద్ చేయాలి, ఆ వీలు లేకపోతే రెండు నెలలు వరసగా రోజాలుండాలి. వరసగా అంటే వరసగానే. ఉజ్ర్ లేకుండా మధ్యలో ఒక్కటి వదిలితే మళ్లీ మొదటి నుంచి.

చూశారా, ఖతా అన్న లఫ్జ్ పలికిన వెంటనే దాని వెనకే బిల్లు వస్తుంది. కొలేటరల్ అన్న లఫ్జ్ పలికిన వెంటనే బిల్లు మాఫీ అవుతుంది. రెండూ "అనుకోని కీడు"కే పేర్లు. తేడా అంతా అక్కడే ఉంది.

ఐదో రకం ఇంకా దగ్గరిది. కత్ల్ బిస్సబబ్. ఎవడో తనకు హఖ్ లేని చోట, నలుగురు నడిచే దారిలో, బావి తవ్వాడు. మూడు రోజుల తర్వాత ఎవరో అందులో పడి చచ్చారు. తవ్వినవాడు అక్కడ లేడు, చచ్చినవాడెవరో అతనికి తెలియదు. అయినా దియత్ ఉంది. చెరువులు తవ్విన మా డెల్టా గురించి పన్నెండో శతాబ్దపు ఫర్గానా ఫఖీహ్‌కు ఎవరు చెప్పారో! ఇది హిదాయాలో ఉన్న మాట. మద్రసాల్లో మూలన పడి ఉన్న పాత సరుకు అనుకోకండి. 1862 జనవరి 1న ఐపీసీ అమల్లోకి వచ్చేదాకా తెల్లవాళ్లు ఎడాపెడా సవరణలు చేసుకుంటూనే మద్రాసు ప్రెసిడెన్సీలో నడిపిన ఫౌజ్‌దారీ ఖానూన్‌కు మూలం ఇదే. మన గోదావరి గడ్డ మీద కూడా.

ఇది ఒక్క ముసల్మాన్ల గొప్పేమీ కాదు. తెలుగు క్లాసులో నాకు బాగా పట్టిన ఘట్టం దశరథుడిది. చీకట్లో నది దగ్గర నీళ్లు ముంచుతున్న చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. శబ్దభేది విద్య, గొప్ప విలుకాడు. తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్లకు వచ్చిన కుర్రాడికి. ఇంతకంటే అనుకోని కీడు ఏముంటుంది? కానీ రాజు ఏం చేశాడు? ప్రెస్ నోట్ ఇవ్వలేదు. ఆ కుండ తానే మోసుకుని ఆ ముసలివాళ్ల దగ్గరికి వెళ్లాడు. నేనే చేశానని నోటితో చెప్పాడు. శాపం తలవంచి తీసుకున్నాడు, ఆ శాపం తీరేదాకా కథ నడిచింది. పిల్లిని పొరపాటున చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మా పక్కింటి మామ్మగారు అనేవారు. పిల్లి ప్రాణానికి కూడా కొలేటరల్ లేదు ఈ నేల మీద.

ఇక మా ఖాలా నుయ్యి. దీన్ని కనీసం ఖతా అని అయినా అనగలమా? 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. తమిళనాడు గాంధేయవాది వేసిన పిటిషన్ అది. రొయ్యల చెరువుల వల్ల తీరం వెంట మంచినీటి బావులు ఉప్పెక్కుతున్నాయని, పొలాలు చౌడుబారుతున్నాయని, ఆంధ్రలో, తమిళనాడులో వచ్చే రాబడి కంటే జరిగే నష్టమే ఎక్కువని నాగపూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు కోర్టుకు చెప్పారు. పంటపొలాలను రొయ్యల చెరువులుగా మార్చొద్దని కోర్టు అంది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలంది. ఆ తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి దారి మళ్లీ తెరిచింది, 2023లో సవరించి ఇంకాస్త వెడల్పు చేసింది. అంటే ఉప్పు నీళ్లు నూతిలోకి వస్తాయన్న సంగతి దేశంలోని అతి పెద్ద అదాలత్ రికార్డుల్లో దాదాపు ముప్పై ఏళ్లుగా ఉంది. తెలిసి చేసినదాన్ని ఖతా అనరు. "కావాలని చేయలేదు" అంటే "మీకు ఏమవుతుందో తెలుసు, పట్టించుకోలేదు" అని మర్యాదగా చెప్పడం, అంతే.

అదే మొగల్తూరు మండలంలో, నల్లంవారితోటలో, 2017 మార్చి 30న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు కార్మికులు విషవాయువుకు చనిపోయారు. అందరూ కుర్రాళ్లే. దాన్నీ ప్రమాదం అన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, గోదావరికి అవతల నగరంలో గెయిల్ పైపు పేలింది. ఆ రోజు నేను నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లి దిగి వెళ్లాను. మాడిపోయిన కొబ్బరి చెట్లు బొగ్గు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు, నిద్రలేచినవాళ్లు లేచినట్టే, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

ఆ రోజు నేను పంపిన ఖబర్‌లో ఒక మాట పదే పదే వాడాను. ఎక్స్‌గ్రేషియా. జిల్లా విలేకరులందరికీ ఇది అన్నం పెట్టే మాట. పిడుగు పడినా, పడవ మునిగినా, పైపు పేలినా, మంత్రిగారు ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు అని రాస్తాం. అదీ లాటిన్ మాటే. అర్థం "దయతో". అంటే ఇవ్వాల్సిన అవసరం లేదు, మా మెహర్బానీ కొద్దీ ఇస్తున్నాం అని. ఇరాక్‌లో అమెరికా సైన్యం చంపిన పౌరుల ఇళ్లకు రెండున్నర వేల డాలర్ల దాకా "సంతాప చెల్లింపు" ఇచ్చేది, ఇది తప్పు ఒప్పుకోవడం కాదు సుమా అని షరతు పెట్టి. నగరంలో ఇచ్చినది అంతకంటే చాలా ఎక్కువ సొమ్ము, కాదనను. కానీ పేరు అదే కోవది. కొలేటరల్, ఎక్స్‌గ్రేషియా అక్కచెల్లెళ్లు. మొదటిది ముజ్రిమ్‌ను మాయం చేస్తుంది, రెండోది మాయమైన ముజ్రిమ్‌ను దాతగా తిరిగి స్టేజీ ఎక్కిస్తుంది. దియత్ హఖ్. ఎక్స్‌గ్రేషియా ఖైరాత్. తీసుకునే చేయి ఎలా చాపాలో ఈ తేడానే చెబుతుంది.

మన ఖానూన్ కూడా ఈ మాట చెప్పకపోలేదు. ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పని పెట్టుకుని లాభం తీసుకునే సంస్థ ఎంత జాగ్రత్త తీసుకున్నానన్నా సరే జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత దానిదేనంది. నియ్యత్ ప్రశ్నే లేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు గ్రీన్ ట్రిబ్యునల్ వెంటనే యాభై కోట్లు కట్టమన్నది ఈ దారిలోనే. మాటలు మనకు ఉన్నాయి. వాడం.

ఒక ఎతిరాజ్ నాకు తెలుసు. దియత్ పేరుతో డబ్బున్నవాడు రక్తాన్ని కొనుక్కోడా అని. కొంటాడు. 2011లో లాహోర్‌లో ఇద్దరిని కాల్చి చంపిన సీఐఏ కాంట్రాక్టర్ రేమండ్ డేవిస్ దియత్ సొమ్ము కట్టించుకుని జైలు నుంచి నేరుగా దేశం దాటిపోయాడు. ఆ రోజు నాకు సిగ్గేసింది. అది ఖతా కాదు, ఎదురుగా నిలబడి పేల్చిన తూటాలు. అసలు లఫ్జ్‌లన్నీ అంతే, కాపలా లేకపోతే తాకత్ ఉన్నవాడి దగ్గర కొలువు చేరతాయి. అందుకని దియత్‌ను తీసుకొచ్చి చట్టం చేయమని నేను అడగడం లేదు. ఆ మాటలో ఉన్న జవాబ్‌దారీని, "చేసింది నేను, బాకీ నాది" అన్న వాక్యాన్ని అడుగుతున్నాను.

ఇంతవరకు ఒక సంగతి దాచాను. ఖాలా ఇంటికి ఉత్తరాన ఉన్న చెరువు మా మామూ కొడుకుది. సొంత మేనల్లుడే. మూడెకరాలు కౌలుకు తీసుకుని వనామీ వేశాడు. చెడ్డవాడు కాదు. రెండు పంటలు వైరస్‌తో పోయి, మూడోదానికి కౌంట్ ధర పడిపోయి, అప్పుల్లో ఉన్నాడు. మా పెద్దమ్మాయి ఇంటర్ ఫీజుకు ఒకసారి నాకు చేబదులిచ్చింది కూడా వాడే, మంచి పంట వచ్చిన ఏడాది. ఆ డబ్బులో ఖాలా నూతి ఉప్పు ఎంతుందో నేను లెక్క వేయలేదు. ఫిఖ్హ్‌లో ఆఖిలా అని ఒకటుంది. ఖతా చేసినవాడి దియత్ వాడొక్కడే కాదు, వాడి ఖాందాన్, వాడి జమాత్ కలిసి మూడేళ్లలో కట్టాలి. బడిలో చదివినప్పుడు ఇదేం అన్యాయం, ఎవడో చేస్తే నేనెందుకు కట్టాలి అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది. లాభం వచ్చిన ఏడాది బిర్యానీ అందరం తిన్నాం.

మొన్న శుక్రవారం జుమా తర్వాత వాడిని వెంటబెట్టుకుని ఖాలా ఇంటికి వెళ్లాను. ఆఫీసర్ అన్న మాటే వాడూ అన్నాడు, ఇంగ్లిష్ లేకుండా. "జాన్‌బూఝ్ కే థోడీ కరా ఖాలా." ఖాలా ఏమీ అనలేదు. గ్లాసుతో నూతి నీళ్లు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు తాగలేదు, కింద పెట్టాడు.

నిన్న పొద్దున వాడు మోటార్ సైకిల్ మీద రెండు మంచినీళ్ల టిన్నులు తెచ్చి అరుగు మీద దించాడట. ఇక రోజూ తెస్తానన్నాడట. ఖాలా నాకు ఫోన్ చేసింది. టిన్నులు ఇంకా అరుగు మీదే ఉన్నాయి, లోపలికి తేలేదు.

"యే ఖైరాత్ హై యా హఖ్, పహలే వో బోల్ బోలీ మైఁ" అంది. "సోచ్ కే బోల్తూఁ బోలా."